ఎద్దుమూపు కోసం రెండు సైకిళ్ళు

అరకు వెళ్ళొచ్చామని చెబితే అందరూ ముందు రైల్లో సొరంగాలెన్ని వచ్చాయని అడుగుతారు. నాకు తెలీదు. మేము సైకిళ్ళ మీద వెళ్ళాం. తర్వాత ఏమేం చూశారని అడుగుతారు. దానికీ నా దగ్గర సరైన జవాబు లేదు. ఒక కొండని వెతుక్కుంటూ వెళ్ళాం. అది కనబడిందో లేదో కూడా చాలా రోజుల దాకా నేను గట్టిగా చెప్పలేకపోయాను. మల్కాపురంలో నా సైకిల్ షాపు ముందు కూర్చుని ట్యూబుకి పంచరు వేస్తూ వేస్తూ, ఇంతకీ మేము ఎక్కిందేమిటి, దిగిందేమిటి అని ఆగిపోయేవాణ్ణి. చదివేవాళ్ళు నాకంటే తెలివైనవాళ్ళు అయ్యుంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు మా బావ ఎల్లాజీ సంగతి చెప్పాలి. మా నూకరత్నం అక్క భర్త. ఫిషింగ్ హార్బర్లో మరబోటు సరంగు, అంటే బోటు నడిపేవాడు. మా నాన్న వల వదిలేసి పోర్టులో పనికి చేరిపోయాడు గనక నేను సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూడ్డమే. పైగా నాకు తూర్పేదో పడమరేదో తెలియదు. ఇది మా ఇంట్లో పాత నవ్వులాట. బావ అలా కాదు. చుట్టూ నీళ్ళు తప్ప ఇంకేమీ లేనిచోట, ఒడ్డు మీది రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా బోటు జరిపి, ఇక్కడ వల దింపండ్రా అంటాడు. ముందు గుర్తు ఏ పొగగొట్టమో గుడి గోపురమో అవుతుంది. వెనక గుర్తు ఎప్పుడూ కొండే.

ఆ కొండలన్నిటిలోకీ పెద్దది ఎద్దుమూపు. పడుకున్న ఎద్దు వీపు, దాని మీద మూపురం. బాగా లోపలికి పోయి ఒడ్డు పూర్తిగా మునిగిపోయాక కూడా, గాలి తేటగా ఉన్న రోజున అదొక్కటీ నీలంగా కనబడుతుందట. మూపురం మెడవైపు జరిగితే బోటు ఒకవైపు కొట్టుకుపోయినట్టు, తోకవైపు జరిగితే రెండోవైపు పోయినట్టు. ఎద్దు మెడ చాచింది, ఎద్దు మెడ ముడిచింది అని చెప్పుకుంటారు. బావ తాత చెప్పాడు, బావ తండ్రి చెప్పాడు, బావా అదే చెబుతాడు. ఊళ్ళోంచి మాత్రం ఆ కొండ కనబడదు. సింహాచలం కొండలు అడ్డం.

కిందటి శీతాకాలం బావ బోటు ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయారు. తాగే నీళ్ళయిపోయాయి. ఇక ఒడ్డు చూడమనుకున్న తెల్లవారున ఎద్దుమూపు కనిపించింది. దాన్ని పట్టుకుని టార్పాలిను తెరచాపలా కట్టి ఎలాగో వేరే బోటువాళ్ళ కంట పడ్డారు. అందరూ బతికారు. అప్పుడు బావ మొక్కుకున్నాడు: తల్లీ, నీ పాదం దగ్గరికి నా కాళ్ళ సత్తువతో వస్తాను, ఇంజనున్న బండి ఎక్కను, నీ దగ్గర కొబ్బరికాయ కొడతాను, అది కొట్టేదాకా బోటెక్కను.

అంతే. మళ్ళీ బోటెక్కలేదు. ఇవాళా రేపూ అంటూ నెలలు గడిచాయి. వల కుట్టడానికి పోయేవాడు, ఐసు మోయడానికి పోయేవాడు, బోటు వంక మాత్రం చూసేవాడు కాదు. ఇంతలో ఎండాకాలం వేట బందు వచ్చింది, గుడ్లు పెట్టే కాలంలో బోట్లు కదలకూడదని గవర్నమెంటు పెట్టిన రూలు. బందు తీసిన రోజున ఎల్లాజీ రాకపోతే వేరే సరంగుని పెట్టుకుంటానని బోటు ఓనరు అక్కతో తేల్చి చెప్పేశాడు.

అక్క నా షాపుకొచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. "నీ కాడ సైకిళ్ళున్నాయి, ఆయనకి కాళ్ళున్నాయి. దగ్గరుండి ఆ కాయ కొట్టించి తీసుకురా" అంది.

సరే అన్నాను. ఆ కొండ ఎక్కడుందో అడగలేదు. బావకి తెలుసనుకున్నాను. బావ నాకు తెలుసనుకున్నాడట, రోడ్డు మీద తిరిగేవాణ్ణి కదా అని.

కొత్తవలస

చీకటితోనే బయల్దేరాం. గేర్లూ గీర్లూ లేవు, పాల క్యాన్లు కట్టుకునే బరువైన నల్ల సైకిళ్ళు. అద్దెకిచ్చేవాటిలో గట్టివి రెండు ఏరి, కొత్త బ్రేకు రబ్బర్లు వేశాను. బావ కొబ్బరికాయని ఎర్రగుడ్డలో మూటకట్టి హేండిలుకి వేలాడదీశాడు. క్యారియరు మీద ఎండు సావడాల చేపల కట్ట ఒకటి. దారిలో ఏం దొరుకుతుందో ఏం దొరకదో అని అక్క కట్టించింది. ఆ వాసనకి పెందుర్తి దాకా కుక్కలు మాతోనే వచ్చాయి.

బావ సైకిలు తొక్కడం చూస్తే నాకు నవ్వాగలేదు. రోడ్డు మీద చూపుండదు. తలెత్తి దూరంగా చూస్తాడు, బోటు మీద చూసినట్టు. ఎదురుగా గుంతొస్తే గుంతలోకే పోతాడు. నేను అరిస్తే, గొయ్యి సిన్నది బావా, దారి పెద్దది కదా అంటాడు. నన్నూ బావా అనే పిలుస్తాడు.

కొత్తవలసలో తాటిముంజలు తిన్నాం. హార్బరు దగ్గరైతే ముంజలు లెక్కపెట్టి అమ్ముతారు. ఇక్కడ కొట్టేవాడు కత్తి ఆపకుండా, మీరు చాలనేదాకా తినండి, డబ్బు తర్వాత చూద్దాం అన్నాడు. ఇలా కూడా వ్యాపారం చేస్తారా అని నేను ఆశ్చర్యపోతుంటే బావ అతన్ని ఎద్దుమూపు ఎటని అడిగాడు. అతను ఎదురుగా ఉన్న కొండల వరసంతా చేత్తో ఒక ఊపు ఊపాడు. అదంతా కొండలే, మీకేది కావాలో ఏరుకోండి అన్నట్టుంది ఆ ఊపు.

ఎండాకాలపు మబ్బు, దుమ్ము. కొండల వరస బూడిదరంగు గోడలా ఉంది తప్ప ఎద్దూ లేదు మూపురమూ లేదు. ఇంకా దగ్గరికెల్తే తేలతాదిలే అన్నాడు బావ. ఆ మాట విని నేను ధైర్యంగా తొక్కాను.

శృంగవరపుకోట

కోటలో రాత్రికి ఒక సత్రం లాంటి లాడ్జిలో దిగాం. అన్నం హోటల్లో భోజనం పన్నెండు రూపాయలు. పప్పు, వంకాయ, మామిడికాయ పచ్చడి. చేపల పులుసు వేరే అడిగితే చెరువు చేప వేశారు. బావ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలాడు. తర్వాత నీళ్ళు తాగి, పాపం దీనికి ఉప్పునీళ్ళ సంగతే తెలీదు అన్నాడు.

హోటలాయన పెద్దమనిషి. ఎద్దుమూపు అనే కొండ ఏదీ ఈ పరగణాలో లేదన్నాడు. పక్కబల్ల మీద తింటున్న లారీ డ్రైవరు ఉందన్నాడు, కానీ అది ఒడిశాలో ఉందన్నాడు. ఇంకొకాయన గాలికొండ అయ్యుంటుందన్నాడు, ఎందుకంటే ఈ చుట్టుపక్కల దానికంటే ఎత్తయింది లేదట. ముగ్గురూ మాట్లాడుకుని, మమ్మల్ని మర్చిపోయి, ఒడిశా రోడ్ల గురించి వాదులాడుకోవడం మొదలెట్టారు. మేము చెయ్యి కడుక్కుని వచ్చేశాం.

నాకు కొంచెం అనుమానం మొదలైంది. ఊళ్ళో ఎవరికీ పేరే తెలియని కొండని ఎలా పట్టుకుంటాం? బావ మాత్రం పేరుతో పనేముంది, చూస్తే పోల్చుకోనా అన్నాడు. కన్నతండ్రిని చూసినదానికంటే ఎక్కువసార్లు చూశాడట దాన్ని.

ఘాటీలో కర్ర అడ్డం

కొండ మొదలయ్యాక తొక్కడమన్నది అయిపోయింది. తోయడమే. మలుపు తిరిగితే ఇంకో మలుపు, అది తిరిగితే కిందటి మలుపే మళ్ళీ వచ్చినట్టుంటుంది. జీపులు నెత్తిమీద జనంతో ఎక్కుతున్నాయి. మమ్మల్ని చూసి పైనున్నవాళ్ళు కేకలేశారు. సగం ఎక్కాక నా సైకిలు పెడలు ఊగడం మొదలెట్టింది. కాటరు పిన్ను వదులైంది. సైకిల్ షాపువాణ్ణి, పంచరు సామానంతా తెచ్చాను, అర్ధరూపాయి పిన్ను తేలేదు. బావ పక్కనున్న రాయి తీసి నాలుగు దెబ్బలేసి బిగించాడు. ఆ రాయిని నేను అరకు దాకా జేబులో పెట్టుకుని తిరిగాను.

టైడా దగ్గర రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుని ఆడవాళ్ళు నిలబడ్డారు. పాట పాడుతున్నారు. నేను ఇదేదో చెక్‌పోస్టు కాబోలు, ఎండుచేపలకి పన్నేమో అని భయపడి మూట వెనక్కి తోశాను. కాదు. వాళ్ళకది చైత్రమాసపు ఇటుకల పండగ. మగవాళ్ళంతా అడవిలో వేటకి పోతారు, ఆడవాళ్ళు దారి కాసి వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండగ డబ్బులు తీసుకుంటారు. ఇవ్వకపోతే వదలరు. ఇచ్చాక కూడా పాట పూర్తయ్యేదాకా వదలరు. వేట నుంచి ఉత్తచేతుల్తో తిరిగొచ్చిన మగాడి మీద పేడనీళ్ళు పోస్తారట. మా వాడలో ఉత్తి బోటు తిరిగొస్తే ఆడవాళ్ళు బుట్ట బోర్లించుకుని మాట్లాడకుండా ఇంటికి పోతారు. పేడనీళ్ళే మేలనిపించింది నాకు.

వాళ్ళలో పెద్దావిడ ఎర్రచీర కట్టుకుని కర్రకి ఒక కొసన ఉంది. మేమెవరమని అడిగింది. బావ చేపల వేట చేస్తాడని నేనే చెప్పాను, గొప్పకి. ఆవిడ బావని పైనుంచి కిందకి చూసి, మరి వేటగాడివి వేటకెల్లకుండా రోడ్డుమీదేటి చేస్తున్నావంది. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వబోయి, నవ్వలేక, ఒక మాట అడిగాడు.

"ఉత్తిసేతుల్తో వచ్చినోడికి పేడనీళ్ళు సరే. అసలు ఎల్లనోడికి ఏటి పోత్తారు?"

"ఆడికి ఏటీ పొయ్యం" అందావిడ. "మాతోపాటు ఈ కర్రట్టుకుని నిలబడాల."

ఆ తర్వాత అనంతగిరి దాకా బావ నాకోసం ఆగకుండా ముందే సైకిలు తోసుకుంటూ పోయాడు. ఆ ఎర్రచీర ఆవిడ ఊరికే అన్న మాట. తగలకూడని చోట తగిలింది. నేను గొప్పకి పోకుండా ఊరుకోవాల్సింది.

గాలికొండ

అనంతగిరిలో టీ తాగుతూ మళ్ళీ అడిగాం. టీ కొట్టాయన గాలికొండేనన్నాడు. కాఫీ తోటలో పనిచేసే ఒకతను, ఎద్దులా ఉండే కొండైతే తమ ఊరి వెనకుందన్నాడు. అతని భార్య అది ఎద్దు కాదు ఏనుగంది. ఎటు చూసినా కొండలు ఉన్నాయి, ఏదీ ఎద్దులా లేదు. లేదా, మీరు తల కొంచెం వంచి చూస్తే అన్నీ ఎద్దుల్లానే ఉన్నాయి.

మర్నాడు గాలికొండ దగ్గరకి ఎక్కాం. మంచు. ఏప్రిల్ నెలలో విశాఖపట్నంలో ఒళ్ళు ఉడికిపోతుంటే అక్కడ నా పళ్ళు కొట్టుకున్నాయి. నా ముందు చక్రం నాకు కనబడలేదు. అందరూ చెప్పిన ఎత్తయిన కొండ ఇదే, కాయ తియ్యి, కొట్టేసి పోదాం అన్నాను. బావ మూట విప్పి కాయ చేతిలోకి తీసుకున్నాడు. చెవి దగ్గర ఊపి నీళ్ళున్నాయో లేదో విన్నాడు. తర్వాత మళ్ళీ మూటకట్టేశాడు.

నాకు ఒళ్ళు మండింది. కాళ్ళు నొప్పులు, తిండి లేదు, చలి. ఏ కొండయితే ఏంటి, తల్లికి చేరదా అని అరిచాను. బావ నెమ్మదిగా చెప్పాడు. కొండ మీద నిలబడితే కొండ కనబడదట. ఇది మూపురమో వీపో, అసలు ఆ ఎద్దో కాదో తెలీకుండా కొడితే, కొట్టినట్టు తన మనసుకి తెలియదట. తనకి తెలియకపోతే బోటెక్కినప్పుడు కాళ్ళు వణుకుతాయట. ఆ చివరి మాట గొంతులో అన్నాడు. నేను విననట్టు ఉండిపోయాను.

తప్పుదారి

గాలికొండ దాటి దిగుతుంటే మంచు విడింది. ఎడమవైపు దూరంగా ఒక గుండ్రటి కొండ తేలింది. మూపురమే! బావ సైకిలు దిగి రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. తారురోడ్డు కుడికి పోతోంది. ఎడమవైపు ఎర్రమట్టి దారి ఒకటి చీలింది. ఎదురొచ్చినతను ఆ దారి ఎక్కడికీ పోదని చెప్పాడు. బావ వినలేదు. కొండ ఎటుంటే దారి అటే అన్నాడు. సముద్రంలో అంతే కదా, చూసిన చోటుకి తిన్నగా పోవచ్చు. మధ్యలో అడ్డేముంటుంది? నేల మీద అలా కాదని చెప్పడానికి నేను పనికిరాను, తూర్పు పడమర తెలియనివాణ్ణి. వెనకే పోయాను.

ఆ కొండ మాతో ఆడుకుంది. కుడిభుజం మీద పెట్టుకుని పొమ్మంటాడు బావ. ఒక మలుపు తిరిగేసరికి ఎడమభుజం మీదుంటుంది. ఇంకో మలుపులో వీపు వెనకుంటుంది. ఒకచోట అసలుండదు. ఎద్దు మెడ తిప్పుతందని బావ అన్నాడు. మేమే గిరగిరా తిరుగుతున్నామని నేనన్నాను. చివరికి దారి ఒక చిన్న ఊళ్ళో, ఒక ఇంటి పెరట్లో పనసచెట్టు కింద ఆగిపోయింది. నిజంగానే ఎక్కడికీ పోలేదు.

ఆ ఇంటి ముసలమ్మ పేరు సోములమ్మ. ఇద్దరు మగాళ్ళు సైకిళ్ళతో పెరట్లోకి వస్తే ఎవరైనా కేకలేస్తారు. ఆవిడ మాత్రం దారి తప్పారా అని కూడా అడక్కుండా, తప్పిపోయినవాళ్ళు రోజూ వస్తున్నట్టు, చోడి అంబలి, అదే రాగి అంబలి, రెండు సొరకాయ బుర్రల్లో పోసిచ్చింది. పుల్లగా చల్లగా ఉంది. మా ఇళ్ళల్లోనూ అంబలి కాస్తారు గానీ ఉప్పు, ఉల్లిపాయ లేకుండా దిగదు. ఇక్కడ అడవిమామిడి ఊరగాయ నంచుకున్నాం. డబ్బులివ్వబోతే ఆవిడకి కోపం వచ్చింది. అప్పుడు బావ సావడాల కట్ట విప్పి పెట్టాడు. ఆవిడ ముఖం చూడాలి! ఒకటి తీసి వాసన చూసి, సంతలో దొరికే ఎండుచేప ఇలాగుండదంది. సంతకొచ్చేసరికి అది మూడు చేతులు మారి, సగం మట్టయ్యి వస్తుందని బావ చెప్పాడు.

ఎండుచేప నిప్పుల మీద కాల్చింది. ముగ్గురం తిన్నాం. బావ ఆ ఎదురు కొండ పేరడిగితే, కొండకి పేరేటి బాబూ, కొండేనంది. పొద్దు ఈ గుండ్రటి కొండ మీద పుడుతుంది, అదిగో ఆ పొడుగు కొండ మీద పడుతుంది, మేము మధ్యలో ఉంటామంది. నేను వెనక్కి తిరిగి చూశాను. పడమటి వైపు పొడుగ్గా, పడుకున్నట్టుగా ఒక కొండ ఉంది, చాలా దూరంలో. అప్పుడు నాకేం తట్టలేదు. ఆవిడ తూర్పూ పడమరా చూపించింది గదా, సంతోషమనిపించింది.

బయల్దేరుతుంటే సోములమ్మ బావని ఒకటే అడిగింది.

"ఆ సముద్రం కాడ్నించి సూత్తే మా ఊరు కనిపిత్తదేటి?"

బావ సైకిలు ఆపి వెనక్కి తిరిగాడు. ఎప్పుడూ చూడలేదమ్మా, ఈసారెల్తే చూస్తానన్నాడు. తర్వాత నావైపు చూసి తల దించుకున్నాడు. ఈసారెల్తే అన్న మాట ఎలాగో నోట్లోంచి వచ్చేసింది.

దిగుదారి

అరకులో అనాస పండు తిన్నాం, ఇంకేమీ చెయ్యలేదు. బావకి వెతికే ఓపిక పోయింది. కాయ ఎర్రమూటలో అలాగే ఉంది. తిరుగుదారిలో ఘాటీ దిగుతుంటే బ్రేకు రబ్బర్లు కాలి కమురువాసన వచ్చింది. మలుపు మలుపుకీ ఆగి చక్రాల మీద నీళ్ళు పోసుకున్నాం. సాయంత్రం ఉరుములతో పెద్ద వాన కొట్టింది. కోట చేరేసరికి తడిసి ముద్దయిపోయాం. అక్క ఏమంది? దగ్గరుండి కొట్టించమంది. కాయ తిరిగి తీసుకొస్తున్నాను.

పొద్దున్న లేచేసరికి దుమ్మంతా కడుక్కుపోయి ఆకాశం అద్దంలా ఉంది. కోట దాటి కొంత దూరం వచ్చాక బావ అలవాటుగా వెనక్కి చూసి బ్రేకు వేశాడు. నేనూ చూశాను. గుండ్రటి కొండ ఒకచోట నిలబడి ఉంది. దానికి ఎడంగా, వెనకాల, పొడుగు కొండ పడుకుని ఉంది. రెండిటి మధ్యా ఖాళీ ఆకాశం. సోములమ్మ ఊరు ఆ ఖాళీ కిందెక్కడో ఉండాలి.

బావ మళ్ళీ ఎక్కాడు. ఒక ఊరు దాటాక ఆగి చూశాడు. ఖాళీ తగ్గింది. కొత్తవలస దగ్గర మళ్ళీ ఆగాడు. ఇంకా తగ్గింది. మేము సముద్రం వైపు వచ్చేకొద్దీ ఆ గుండ్రటి కొండ జరిగి జరిగి పొడుగు కొండ మీదికి ఎక్కడానికి వస్తోంది. నాకు బుర్ర తిరిగింది. కొండలు నడుస్తాయా? సైకిలు స్టాండు వేసి బావ రోడ్డుపక్క రాయి మీద కూలబడ్డాడు.

"రెండు బావా. ఒకటి కాదు. ఒకదానెనకాల ఒకటి."

అప్పుడు నాకూ అర్థమైంది. రోజూ రెండు గుర్తులు కలిపి చూసి బతికే మనుషులు, తాతల నాటి నుంచి ఎద్దు మెడ చాచింది ముడిచింది అనుకున్నారే గానీ, ఆ ఒక్క గుర్తులోనే రెండున్నాయని వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. కొండలకేసి ఎప్పుడూ ఎవరూ పోలేదు మరి. మూపురం ఒక కొండ, వీపు ఇంకో కొండ, మధ్యలో ఒక పూట దారి, ఒక ఊరు, ఒక పనసచెట్టు. ఎద్దు ఎక్కడా లేదు.

అయితే సగం చెక్క ఆ కొండకీ సగం చెక్క ఈ కొండకీ కొట్టాలేమో, మళ్ళీ ఘాటీ ఎక్కాలేమో అని నేను పిచ్చిలెక్కలు వేస్తున్నాను. బావ వినడం లేదు. కొండల వైపే చూస్తున్నాడు.

"ఈటి పాదం ఇక్కడ లేదు బావా. రెండూ కలిసేది నా బోటు కాడే. కాయ అక్కడే కొట్టాల. కొట్టేదాకా బోటెక్కనన్న మాటని తల్లే మాపు సేత్తాది."

మంచిదే కదా, వేట బందు తీయగానే వెళ్ళి కొట్టెయ్యి అన్నాను. అని, బావ ముఖం చూసి నోరు మూసుకున్నాను. పెద్ద సరంగు, నలుగురికి దారి చూపించేవాడు, కాలి దగ్గర గడ్డి పీకుతున్నాడు.

"మొక్కు కాదు బావా. మొక్కని అంటన్నాను గానీ... నాకు బయం. పడుకుంటే నీళ్ళే కనిపిత్తన్నాయి. ఈ కొండ దొరక్కపోతే బాగున్ను అనుకున్నాను. దారంతా అదే అనుకున్నాను."

పక్కన కూర్చున్నాను. లారీలు పోతున్నాయి. నాకు సముద్రమంటే వాంతులు, అయినా నీతో వస్తాను అన్నాను. అనాలనుకుని అనలేదు, వచ్చేసింది. నువ్వు నన్ను కొండలెక్కించి తిప్పావు కదా, ఇది కూడా కానీ అన్నాను. బావ కళ్ళు తుడుచుకుని, నువ్వు బోటెక్కితే గంగమ్మే జడుసుకుంటాది అన్నాడు. పెందుర్తి దాటితే సింహాచలం కొండలు అడ్డొస్తాయి గనక, ఇంకొక్కసారి వెనక్కి చూసుకుని సైకిలెక్కాడు. ఖాళీ ఇంకా పూర్తిగా మూసుకోలేదు.

రెండూ కలిసినచోట

అక్క కొట్టని కాయని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. జరిగింది చెబితే సగంలోనే అడ్డుపడి, మొక్కింది నీళ్ళ మీంచే కదా, తీర్చడానికి కొండలెందుకెక్కార్రా ఇద్దరూ అంది. అంత తిన్నగా మాకు తట్టలేదు.

బందు తీసిన రోజు బావ బోటెక్కాడు. ఓనరు చూస్తూ నిలబడ్డాడు. అక్క వార్ఫు గట్టు మీద బుట్ట పట్టుకుని నిలబడింది. నేను పూజకోసం తెచ్చిన అదనపు కాయలా బోటులో ఒక మూల కూర్చున్నాను. హార్బరు దాటీ దాటగానే బోటు అంచు మీదికి వంగిపోయాను. ఎటు చూసినా ఒకటే నీళ్ళు, ఒకటే ఆకాశం. నాకు మామూలుగానే దిక్కులు తెలియవు, అక్కడైతే కిందా మీదా కూడా తెలియలేదు. బావ స్టీరింగు పట్టుకున్న చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎదురుగా సముద్రం వైపే చూస్తున్నాడు. ఒడ్డు వైపు తిరగడు.

చాలా దూరం పోయాక, ముఖం తిప్పకుండానే అడిగాడు. "సూడు బావా. కలిసినాయా?"

నన్ను అడుగుతున్నాడు! చూసుకోవడానికి భయపడి నన్ను అడుగుతున్నాడు. నేను బోటు అంచు పట్టుకుని లేచి నిలబడ్డాను. ఒడ్డు లేదు. పొగగొట్టాలు కూడా మునిగిపోయాయి. పల్చటి నీలంలో గుండ్రంగా ఒకటి, పొడుగ్గా ఒకటి. మధ్యలో వెంట్రుకంత సందు. ఇంకా లేదు బావా, కొంచెం అన్నాను. బోటు కొంచెం జరిపాడు. ఇంకొంచెం అన్నాను. గుండ్రటిది మెల్లగా వచ్చి పొడుగుదాని మీద కూర్చుంది. నా జన్మలో మొదటిసారి చూశాను. పడుకున్న ఎద్దు, దాని మూపురం.

"కలిశాయి" అన్నాను.

అప్పుడు తిరిగాడు. స్టీరింగు ఇంకొకరికిచ్చి, ఎర్రమూట విప్పి, కాయని బోటు ముందుభాగం మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఇన్నాళ్ళు తిరిగిన కాయ కుళ్ళిపోయి ఉంటుందేమోనని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి రెండు చెక్కలూ తెల్లగా ఉన్నాయి. నీళ్ళు మాత్రం అరచేతిలో పట్టేటన్నే మిగిలాయి. బావ ఒక చెక్క సముద్రంలో వేసి, రెండోది ముక్కలు చేసి అందరికీ పంచి, వెళ్ళి మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడు. చేతులు మామూలుగా ఉన్నాయి. వల దింపండ్రా అని కేకేశాడు.

నేను కొబ్బరిముక్క నములుతూ అడిగాను, ఇంతకీ సోములమ్మ ఊరెక్కడని. మూపురం వీపుకి ఆనినచోటు చూపించాడు. అక్కడ గీత కూడా లేదు. రెండు కొండలూ ఒకే కొండగా అతుక్కుపోయి ఉన్నాయి. ఊరు కాదు కదా, సూది దూరే సందు లేదు. మరి ఆవిడకేం చెబుదాం, కనబడదని చెబుదామా అన్నాను. బావ అటే చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

"ఆళ్ళ ఊరట్టుకునే మేం ఇంటికొత్తన్నామని సెప్పు."

నేనింకా వెళ్ళి చెప్పలేదు. షాపు వదిలి కదలడం కుదరడం లేదు. మీలో ఎవరైనా ఆ వైపు వెళితే, గాలికొండ దాటాక తారురోడ్డు కుడికి తిరిగేచోట ఎడమవైపు ఎర్రమట్టి దారి చీలుతుంది. అది ఎక్కడికీ పోదని చెబుతారు. పోండి. పనసచెట్టు దగ్గర ఆగిపోయాక ఆవిడకి ఈ మాట చెప్పండి. చేత్తో నాలుగు ఎండు సావడాలు కూడా పట్టుకెళ్ళండి.